యాంగిల్ ఇనుము: రెక్కల కొలతల చరిత్ర

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఘనపూర్ మండలంలో చెల్పూరు అనే గ్రామం ఉన్నది. అక్కడి కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తి ప్రారంభించినవి. ఇటువంటి కేంద్రాల విద్యుత్తును దూరప్రాంతాలకు చేర్చే తీగలను ఉక్కు టవర్లు మోస్తున్నవి. టవరును దగ్గరగా చూచినచో, అది 'ఎల్' ఆకారపు యాంగిల్ ఇనుముల అల్లిక అని తెలియగలదు. ఆ యాంగిల్ రెక్క ఎంత వెడల్పుగా, ఎంత పలుచగా ఉండవచ్చును? ఈ చిన్న ప్రశ్న వెనుక రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది.

పొడవైన కడ్డీని రెండు కొనల నుండి నొక్కితే అది నలగక ముందే పక్కకు వంగిపోవును. ఏ బరువు వద్ద వంగునో ఆయిలర్ అనే గణితవేత్త 1744లో లెక్క కట్టెను. కాని ఆయన లెక్క కడ్డీ మొత్తానికి సంబంధించినది. దాని రెక్కల సంగతి చెప్పదు.

ఒక పోస్టుకార్డును నిలువుగా మడిచి, 'ఎల్' ఆకారంలో నిలబెట్టి, పైనుండి మెల్లగా నొక్కి చూడండి. మడత చెక్కుచెదరదు, ముందుగా స్వేచ్ఛగా ఉన్న అంచులు అలలవలె ముడుతపడును. ఓడల పక్క రేకులు ఇట్లే ముడుతపడే తీరును బ్రయాన్ 1891లో గణితంతో వివరించెను. రేకు వెడల్పుకు, మందానికి గల నిష్పత్తి రెట్టింపైతే, ముడుత పుట్టించే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గును. అంచుల వద్ద ఆధారం గల రేకు ముడుతపడిన తరువాత కూడా కొంత బరువు మోయగలదని 1932లో కార్మన్, సెక్లర్, డానెల్ చూపిరి.

ఈ జ్ఞానమంతా ఐరోపా దేశాల ఉమ్మడి నియమావళి యూరోకోడ్ 3లో చేరినది. 2005లో వెలువడిన దాని ప్రతి ఉక్కు ఆకారాలను నాలుగు తరగతులుగా విభజించెను. ఉక్కు తన పూర్తి బలాన్ని చూపక ముందే రెక్క ముడుతపడితే అది నాలుగవ తరగతి. నొక్కుడుకు లోనయ్యే యాంగిల్ మూడవ తరగతిలో నిలవాలంటే రెండు షరతులు తీరవలెను: పెద్ద రెక్క వెడల్పును మందంతో భాగిస్తే 15కు మించరాదు, రెండు రెక్కల సగటును మందంతో భాగిస్తే 11.5కు మించరాదు. ఇవి 235 మెగాపాస్కల్ ఉక్కుకు చెప్పిన హద్దులు. ఉక్కు బలం పెరిగినకొద్దీ హద్దులు తగ్గును.

100 మిల్లీమీటర్ల సమాన రెక్కలు, 10 మిల్లీమీటర్ల మందం గల యాంగిల్‌ను తీసుకొందాం. రెండు నిష్పత్తులూ 10 మాత్రమే. 235 ఉక్కులో రెండు షరతులూ తీరును. అదే యాంగిల్‌ను 350 ఉక్కుతో చేస్తే హద్దులు 12.3, 9.4 అగును. మొదటి షరతు తీరినా రెండవది తప్పును. బలమైన ఉక్కు వాడినందువల్లనే యాంగిల్ నాలుగవ తరగతికి దిగినది! అంతమాత్రాన అది పనికిరానిది కాదు. తగ్గించిన వైశాల్యంతో దాని బలాన్ని లెక్కించవలెను.

2007లో సవరించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 800లో హద్దులు కొంచెం వేరు. దాని ప్రకారం ఇదే 350 ఉక్కు యాంగిల్ నిష్పత్తులు హద్దు లోపలే ఉన్నవి. కనుక కంప్యూటర్ ప్రోగ్రాం చూపే తరగతిని చూడగానే అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఏ నియమావళి? రెండు షరతులూ పరీక్షింపబడినవా? మొదటి షరతుతో ఆగిన లెక్క, లేని బలాన్ని ఉన్నట్లు చూపును. లోహం బలం వేరు, ఆకారం బలం వేరు. టవరు నిలబడడానికి రెండూ కావలెను.