ఓడెక్కిన మొక్క, ఒడ్డున మిగిలిన తోట

సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్) పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక ఓడ తిరుగుబాటు వల్ల. తాహితీ దీవిలో సేకరించిన వెయ్యికి పైగా సీమపనస మొక్కలతో వెస్టిండీస్‌కు బయలుదేరిన ఇంగ్లీషు ఓడ బౌంటీలో 1789 ఏప్రిల్ 28న నావికులు కెప్టెన్ విలియం బ్లై మీద తిరగబడ్డారు. ఆయన్ను చిన్న పడవలోకి దింపేసి, మొక్కలను సముద్రంలో పారేశారు. ఈ కథ మీద నవలలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. చెట్టు సంగతి మాత్రం మరుగున పడింది. పసిఫిక్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లను పోషించిన ఈ చెట్టు, రెండో ప్రయత్నంలో క్షేమంగా కరీబియన్ చేరాక కూడా చాలాకాలం అక్కడివాళ్ల ఆకలి ఎందుకు తీర్చలేకపోయింది? నా సమాధానం ఇది: ఇంగ్లీషువాళ్లు మొక్కను తీసుకెళ్లారు, ఆ మొక్క పెరిగిన తోటను, ఆ తోటను నడిపినవాళ్ల విద్యను అక్కడే వదిలేశారు. ఈ మూడూ ఒకచోట ఉన్నప్పుడే చెట్టు అన్నం పెడుతుంది.

ఈ పొరపాటుకు మూలం ఒక అపోహ. 1686లో గువామ్ దీవి చేరిన ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ ఈ కాయను రొట్టెతో పోల్చి రాశాడు. 1769లో తాహితీ చూసిన ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్, జీవితకాలంలో పది చెట్లు నాటినవాడు తన తరానికీ రాబోయే తరాలకూ చేయవలసింది చేసేసినట్టేనని, ఆ పనికి గంట చాలని అభిప్రాయపడ్డాడు. సీమపనస అంటే చెమటోడ్చకుండానే దొరికే రొట్టె అన్న నమ్మకం అలా ఐరోపాలో స్థిరపడింది. చెట్టు స్వభావమే ఈ నమ్మకాన్ని కాదంటుంది. తూర్పు పాలినేషియా రకాల్లో చాలావాటికి గింజలుండవు. గింజలేని చెట్టు తనంతట తాను దీవి దాటలేదు. న్యూగినీ ప్రాంతంలో గింజల కాయలు కాసే జాతి నుంచి తరాల తరబడి ఏరుకుంటూ, పెంచుకుంటూ తెచ్చుకున్న రకాలివి. వేళ్ల నుంచి లేచే పిలకలను తవ్వి తీసి, ఉప్పునీరు తగలకుండా కాపాడుతూ, పడవల మీద వేల కిలోమీటర్లు మోసుకెళ్లి నాటితేనే ఈ చెట్టు హవాయి దాకా వచ్చింది. బ్యాంక్స్ కాపు మీదున్న చెట్టును చూశాడు. దాన్ని కాపుకు తెచ్చిన శతాబ్దాల సేద్యం ఆయన లెక్కలోకి రాలేదు.

తోట అంటే ఏమిటో హవాయి పెద్దదీవిలోని కోనా చెబుతుంది. అక్కడి కొండవాలు మీద, సముద్రానికి కాస్త ఎగువన, వానలు చాలినంత పడే ఎత్తులో సుమారు 30 కిలోమీటర్ల పొడవునా సీమపనస తోపులు ఉండేవి. 1790ల తొలినాళ్లలో ఇంగ్లీషు నావికుడు వాంకూవర్ ఓడల్లో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డ్ మెంజీస్ ఆ తోపుల గుండా నడిచాడు. కొమ్మలు బాగా విస్తరించేలా చెట్లను ఎడంగా నాటారని, మధ్య నేలను ఖాళీగా వదలకుండా చిలగడదుంపలు, బెరడు దంచి బట్ట చేసుకునే మొక్కలు పెంచారని రాసుకున్నాడు. అంటే పైన తిండి, కింద తిండి, పక్కనే బట్ట. మైక్రోనేషియాలోని పోన్‌పే దీవిలో పెండలం తీగలను సీమపనస చెట్ల మీదికే పాకిస్తారు. కాయల కాలం ముగిశాక దుంపల కాలం మొదలవుతుంది. మార్క్వెసాస్ దీవుల్లో మిగిలిన కాయలను ఆకులు పరిచిన గోతుల్లో పులియబెట్టి, పాతర వేసి, కరువు కాలానికి ఏళ్ల తరబడి దాచేవారు. ఏడాదిలో కొన్ని నెలలే కాసే, కోశాక కొద్ది రోజుల్లోనే మెత్తబడే కాయ ప్రధాన ఆహారం కావడానికి ఈ అమరికలే కారణం.

ఇప్పుడు కరీబియన్ వైపు చూద్దాం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆహార దిగుమతులు తెగిపోయాయి. దానికి వరస తుపానులు తోడయ్యాయి. 1780 నుంచి 1787 దాకా జమైకాలో సుమారు 15,000 మంది బానిసలు ఆకలితో, ఆకలి తెచ్చిన రోగాలతో చనిపోయారని అక్కడి శాసనసభే అంచనా వేసింది. చెరకు తోటల యజమానులు దీనికి పరిష్కారంగా సీమపనసను కోరుకున్నారు. చెరకు భూమి తగ్గకుండా, పనివేళలు తగ్గకుండా కూలి లేని మనుషులకు తిండి దొరకాలన్నది వాళ్ల ఆశ. ప్రావిడెన్స్ ఓడలో బ్లై మళ్లీ వెళ్లి, 1793 జనవరిలో సెయింట్ విన్సెంట్‌కు, ఫిబ్రవరిలో జమైకాకు మొక్కలు చేర్చాడు. చెట్లు బాగానే కాశాయి. బానిసలు మాత్రం తమ చిన్న చెక్కల్లో పండించుకునే పెండలాన్నీ కూర అరటినీ వదులుకోలేదు. సీమపనస చాలావరకు పందులకు మేతయింది. తమ చేతిలోని సాగును నమ్ముకుని, యజమాని పంపిన తిండిని దూరం పెట్టడంలో ఎంతో వివేకం ఉంది.

నేటి జమైకాలో నిప్పుల మీద కాల్చిన సీమపనస ఇంటింటి తిండి కదా, మొక్క తరలింపు ఫలించినట్టే కదా అని అడగవచ్చు. ఫలించింది, నిజమే. అయితే ఎక్కడ ఫలించిందో చూడాలి. 1838లో పూర్తి విముక్తి వచ్చాక స్వతంత్ర రైతులు తమ ఇళ్ల చుట్టూ వేసుకున్న పెరటి తోటల్లో మామిడి, కొబ్బరి, అరటి, పెండలం నడుమ సీమపనసకు చోటిచ్చారు. భూమి, నిర్ణయం తమవయ్యాకే చెట్టును తమదిగా చేసుకున్నారు. ఇది నా వాదనకు బలమే చేకూరుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఇలాంటి తోటలు తుపానుకు తట్టుకోలేవు, అందుకే కోనాలో కూడా అంతరించాయి అంటారు. తుపాను చెట్టును కూలుస్తుందన్నది కాదనలేం. కొబ్బరి, జీడిమామిడి, సీమపనసకు దగ్గరి చుట్టమైన మన పనస కలిసి పెరిగే శ్రీకాకుళం ఉద్దానం 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బకు ఎంత నష్టపోయిందో తెలుగువారికి తెలుసు. కానీ పసిఫిక్ రైతులు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి నేలలో దుంపను, పాతరలో కాయను ఉంచుకున్నారు. ఒకే పంట మీద నిలిచే పొలానికి ఆ రెండో ఆసరా ఉండదు. కోనా తోపులను కూల్చింది గాలివానలు కావు. బయటి నుంచి వచ్చిన రోగాలతో జనం తుడిచిపెట్టుకుపోయారు, విచ్చలవిడిగా తిరిగే పశువులు పెరిగాయి, 1848 తర్వాత భూమి పంపకాల్లో సామాన్యులకు దక్కింది చాలా తక్కువ, తోపుల స్థానంలోకి కాఫీ వచ్చింది. చూసుకునే చేతులు పోయాక తోట పోయింది.

ఈ చరిత్ర ఇప్పుడెందుకంటే, సీమపనస మళ్లీ ప్రయాణం కట్టింది. హవాయిలో 2003లో ఏర్పడిన బ్రెడ్‌ఫ్రూట్ ఇన్‌స్టిట్యూట్ వందకు పైగా రకాలను కాపాడుతూ, అనేక ఉష్ణదేశాలకు మొక్కలు అందేలా చేస్తోంది. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే ఎన్ని మొక్కలు పంచామన్నదే విజయానికి కొలమానమైతే 1793 నాటి తప్పు మంచి ఉద్దేశంతో మళ్లీ జరుగుతుంది. ఏ దేశంలోనైనా, ఏ పండ్ల చెట్టు విషయంలోనైనా ముందు అడగవలసినవి మూడు: దాని కింద ఏం పండుతుంది, కాపు లేని నెలల్లో ఇల్లు ఏం తింటుంది, ఆ నేల ఎవరిది? వీటికి జవాబు చెప్పగలిగిన చోట మొక్క తోటవుతుంది. చెప్పలేని చోట ఎంత గొప్ప చెట్టయినా పరాయి చెట్టుగానే నిలుస్తుంది.