ఆఢ్యుడు కాని రోగి

మన వైద్యగ్రంథములు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణము లుండవలెను. చరకుడు రోగికి విధించిన గుణములు స్మృతి, వైద్యుని మాట వినుట, నిర్భయత్వము, తన బాధను చెప్పుకొన గలుగుట. వీనిలో ధనము లేదు. సుశ్రుతుడు మాత్రము రోగి ద్రవ్యవంతుడై యుండవలె ననెను. వాగ్భటుడు 'ఆఢ్యుడు' అను విశేషణమును అన్నిటికంటె ముందే యుంచెను. విద్యార్థిదశలో ఈ మాట చదివినప్పుడు, ఇది వైద్యుల స్వార్థమని నవ్వుకొంటిని. ఇప్పుడు నాకు నవ్వు రాదు. ఆ మహానుభావుడు లోకము నెఱిగినవాడు.

క్రిందటి సంవత్సరము మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలు డొకడు నెలదినములు బడికి రాలేదు. విచారింపగా, తాపీపని చేయు తండ్రి క్షయతో మంచము పట్టెననియు, బాలుడు సిమెంటు దుకాణమున బస్తాల లెక్క వ్రాయుచున్నాడనియు తెలిసినది. మందులు ప్రభుత్వమువా రుచితముగనే యిచ్చుచుండిరి. ఆ యింట లోపించినది మందు కాదు, కూలి. ఈ భేదమును చట్టములోని కెక్కించుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

ఈ విషయమున మొదటి పెద్దప్రయత్నము జర్మనీదేశమున జరిగినది. 1883వ సంవత్సరము జూను నెలలో బిస్మార్కు మంత్రిత్వమున కార్మికుల రోగభీమాచట్టము వెలువడెను. ఆయనకు పేదలయెడ అకస్మాత్తుగా కరుణ పుట్టెనని యెవరును నమ్మనక్కఱలేదు. సామ్యవాదుల పక్షమునకు పోవుచున్న కార్మికులను ప్రభుత్వమువైపు త్రిప్పుకొనుట యాయన యుద్దేశము. ఉద్దేశ మెట్టిదైనను చట్టము మంచిది. చందాలో రెండుపాళ్లు కార్మికుడు, ఒకపాలు యజమాని యిచ్చిరి. రోగి యైనవానికి మూడవ దినమునుండి పదుమూడు వారములవఱకు సగము కూలి ముట్టుచుండెను. అందొక చిన్న నిబంధన నా మనస్సును మిక్కిలి యాకర్షించినది: రోగిని ఆసుపత్రిలో చేర్చుకొన్నచో, అతనిపై నాధారపడిన కుటుంబమునకు ఆ భృతిలో సగ మీయవలెను. మంచముమీదివాని వెనుక ఒక యిల్లున్నదని చట్టము కనిపెట్టిన దన్నమాట. పొలము పనివారిని మాత్రము మొదట ఇందులో చేర్చలేదు.

ఇంగ్లండులో అంతకుముందే కార్మికులు స్నేహసంఘములు పెట్టుకొని, వారము వారము పెన్నీలు కూర్చి, జబ్బుపడిన సభ్యులకు సాయపడుచుండిరి. 1793లోనే వానికి చట్టసమ్మతి లభించెను. కాని మిక్కిలి పేదవాడు ఆ పెన్నీల నయినను తప్పక చెల్లింపలేడు గదా! లాయడ్ జార్జి 1908లో జర్మనీకి పోయి అచ్చటి యేర్పాటులను చూచివచ్చి, 1911లో జాతీయభీమాచట్టమును చేయించెను. కార్మికుడు నాలుగు, యజమాని మూడు, ప్రభుత్వము రెండు పెన్నీలు. నాలుగు పెన్నీలకు తొమ్మిది వచ్చునని ప్రచారము చేసిరి. జబ్బుపడిన పురుషునకు వారమునకు పది షిల్లింగులు, స్త్రీకి ఏడున్నర. పనికత్తెల కార్డులమీద భీమాబిళ్ల లంటించుట తమకు తగదని గొప్పయింటి యజమానురాండ్రు లండనులో పెద్దసభ చేసి మొఱపెట్టిరి. ఇంతచేసియు, కార్మికుని భార్యకును బిడ్డలకును ఆ చట్టముక్రింద సామాన్యవైద్యుని సేవ దక్కలేదు. 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమైనప్పుడుగాని ఆ కొఱత తీరలేదు.

అదే 1948లో మన దేశమునను కార్మికరాజ్యభీమాచట్టము పుట్టినది. దానికి మూలము 1944లో అదర్కారు సమర్పించిన నివేదిక. 1952 ఫిబ్రవరిలో కాన్పూరునందును ఢిల్లీయందును ఆరంభమైన ఈ పద్ధతిలో, రోగికి సంవత్సరమున 91 దినములవఱకు కూలిలో నూటికి 70 వంతులు లభించును. క్షయ మొదలగు 34 దీర్ఘవ్యాధులకు, తగినంతకాలము చందా చెల్లించియున్నచో, నూటికి 80 వంతుల చొప్పున రెండేండ్లవఱకు పొడిగింతురు. ఇది నిజముగా గొప్ప సహాయమే. కాని మా తాపీమేస్త్రీ పేరు ఏ కర్మాగారపు పట్టీలోను లేదు.

క్షయ యొకప్పుడు ఆఢ్యుల చికిత్స గల పేదల వ్యాధి. మదనపల్లెవద్ద ఆరోగ్యవరము 1912లో వెలసినది. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము అప్పటి చికిత్స. నెలలతరబడి కూలి మానుకొని యట్టిచోట నుండగలవారెందఱు? 1956లో మద్రాసున నెలకొన్న క్షయచికిత్సాకేంద్రమువారు 193 మంది రోగులను రెండుభాగములు చేసి, కొందఱను ఆరోగ్యశాలలోను, కొందఱను వారి యిరుకుటిండ్లలోను ఉంచి, ఒకే మందులతో చికిత్స చేసిరి. ఏడాదికి రెండు తెగలవారును దాదాపు సమానముగ కోలుకొనిరి. 1959లో ఈ ఫలితములు ప్రకటింపబడుటతో లోకమందలి క్షయచికిత్స ఆరోగ్యశాలనుండి ఇంటికి మఱలినది. దీనిచే వ్యయము తగ్గినది గాని, ఇంటిలో పొయ్యి వెలుగుటెట్లను ప్రశ్న మిగిలియేయున్నది.

చరకుడు రాజయక్ష్మకు చెప్పిన నాలుగు కారణములలో శక్తికి మించిన శ్రమయు, క్రమము తప్పిన భోజనమును గలవు. 2023లో ప్రకటితమైన ఝార్ఖండు పరిశోధనలో, రోగి కుటుంబమునకు ఆహారద్రవ్యము లిచ్చినచోట ఆ యింటివారిలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినది. క్షయరోగి పోషణకై 2018నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు కేంద్రప్రభుత్వ మిచ్చుచున్నది. వేయిరూపాయలన మేస్త్రీకి ఒకటి రెండు దినముల కూలి.

2007 ఏప్రిల్ 1వ తేదీన అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వేఱొకజాతిది. అంతకుముందు శస్త్రచికిత్స కావలసిన పేదవాడు సిఫారసుచీటి పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధికై తిరుగవలసియుండెను. ఈ పథకముతో ఆ యాచన చాలవఱకు తప్పినది. అయినను ధనము చేరునది ఆసుపత్రికి. ఇంటికి తిరిగివచ్చి పనిచేయలేక పడియున్నవాని సంగతి 2019 డిసెంబరులోగాని తలపునకు రాలేదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు శస్త్రచికిత్స తరువాతి విశ్రాంతికాలమునకు దినమునకు 225, నెలకు 5,000కు మించకుండ భృతి నేర్పఱచిరి. జర్మనీ చట్టములోని భావము మన పల్లెకూలి గుమ్మమునకు చేరుటకు 136 సంవత్సరములు పట్టినది.

మా మేస్త్రీది శస్త్రచికిత్స కాదు. ఆఱునెలలలో అతనికి ముట్టినది 6,000 రూపాయలు. దుకాణమున బాలుడు తెచ్చినది అంతకంటె నెక్కువ. వాడు అర్ధసంవత్సరపరీక్షకు రాలేదు. సంక్రాంతి సెలవుల తరువాత తండ్రియే వెంటబెట్టుకొనివచ్చి, వెనుకటి బల్లమీద కూర్చుండబెట్టి పోయినాడు.