గంజి లెక్కా, బిడ్డ జాడా

1876–78 ధాత కరువు నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలను కలుపుకొన్న నాటి కర్నూలు జిల్లాను ఊడ్చివేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లాలో జనం నాలుగో వంతుకు పైగా తరిగిపోయారు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువుకూలిని పౌను ధాన్యానికీ, అణాకూ కుదించాడు. గింజను అంత కచ్చితంగా తూచిన రాజ్యానికి బిడ్డ విషయంలో ఆ పట్టుదల లేదు. కరువు తీరాక అనాథలను బంధువులకో, ధర్మసంస్థలకో అప్పగించడమే నాటి కరువు నిబంధనల పద్ధతి. అప్పగింతతో బాధ్యత తీరిందనుకున్నారు.

బిడ్డ తప్పిపోయిందంటే కేసు నమోదు చేయవలసిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పిపోయిన పిల్లల వివరాలను, ఆశ్రయ గృహాలలోని పిల్లల వివరాలతో సరిచూడడానికి ట్రాక్‌చైల్డ్ వచ్చింది. ఇది నిజమైన ముందడుగే. కాని రాసినదానినే యంత్రం వెదకగలదు. వలసకూలి తల్లి మాటను ఠాణాలో రాసుకున్ననాడే ఆ వెదుకులాట మొదలవుతుంది.