టాపెట్ క్లియరెన్స్: దూరప్రయాణాల్లో మోటార్‌సైకిల్ వాల్వుల సంరక్షణ

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య వదిలే సన్నని ఖాళీని టాపెట్ క్లియరెన్స్ అంటారు. రాకర్లు లేని ఇంజిన్లలో ఈ ఖాళీ క్యామ్‌కూ, వాల్వు కొస మీద బోర్లించినట్టుండే బకెట్‌కూ మధ్య ఉంటుంది. దీన్ని సరిచేయడాన్నే మెకానిక్‌లు టాపెట్ సెట్టింగ్ అంటారు. వేడికి వాల్వు కాడ సాగుతుంది. సాగేందుకు చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 2,500 సార్లు తెరుచుకుంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, మనాలీల మీదుగా లేహ్ వెళ్లి రావాలంటే 5,000 కిలోమీటర్లు దాటుతుంది. ఇంజిన్ అదే వేగంతో వంద గంటలు నడిచిందనుకుంటే, ఒక్కో వాల్వు కోటిన్నర సార్లు సీటు మీద పడి లేచినట్టు. చిన్న బండ్లలో చాలావాటికి 5,000 నుంచి 10,000 కిలోమీటర్లలోపే టాపెట్లు చూడాలి. అంటే ఒక్క యాత్రకే ఆ గడువు ముగిసిపోవచ్చు.

చప్పుడు, నిశ్శబ్దం

టాపెట్ లూజైతే టిక్ టిక్ మని చప్పుడు చేస్తుంది. పికప్ కొంత తగ్గుతుంది. పట్టించుకోకపోతే క్యామ్, రాకర్ అరుగుతాయి. అయినా అది పైకి చెప్పుకునే జబ్బు. టైటైన టాపెట్ ఏ చప్పుడూ చేయదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు 700 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. ఆ వేడిలో అధిక భాగం వాల్వు మూసుకున్న క్షణాల్లో సీటు ద్వారానే సిలిండర్ హెడ్‌లోకి దిగుతుంది. సీటు అరిగి వాల్వు పైకి జరిగేకొద్దీ ఖాళీ తరుగుతుంది. ఖాళీ పూర్తిగా పోతే వాల్వు సీటు మీద ఆనదు, వేడి దిగదు, వాల్వు అంచు కాలిపోతుంది. చల్లటి పెట్రోలు మిశ్రమం తగిలే ఇన్లెట్ వాల్వుకు ఈ బాధ తక్కువ. అందుకే చాలా ఇంజిన్లలో ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఖాళీ ఇస్తారు. బీఎండబ్ల్యూ ఆయిల్‌హెడ్ బాక్సర్ ఇంజిన్లలో ఇన్లెట్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటర్లు.

ప్రయాణానికి ముందు ‘సౌండ్ తగ్గించు’ అని మెకానిక్‌ని అడగడం, అతడు చెవితోనే విని స్క్రూ బిగించేయడం మన రోడ్ల మీద మామూలే. బండికి ఇంతకంటే చెరుపు చేసే అలవాటు మరొకటి లేదనే చెప్పాలి. కొలిచి చూడకుండా బిగించకూడదు.

కొలిచే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి, కాబట్టి తెల్లవారుజామున స్టార్ట్ చేయకముందే చూసుకోవడం మేలు. మ్యాగ్నెట్ మీది ‘T’ గుర్తును ఇంజిన్ కవర్ కిటికీలోని గీతకు తెచ్చి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర నిలపాలి. రెండు రాకర్లూ వదులుగా ఆడితే సరైన చోట ఉన్నట్టు. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. స్క్రూ రకంలో లాక్‌నట్ వదులు చేసి, మాన్యువల్ చెప్పిన మందం గల ఫీలర్ గేజ్ రేకు పట్టీపట్టనట్టు జారేలా స్క్రూ తిప్పాలి. స్క్రూను కదలనివ్వకుండా నట్ బిగించి, తప్పకుండా మళ్లీ కొలవాలి. నట్ బిగిసేటప్పుడే లెక్క మారిపోతుంటుంది.

షిమ్ రకంలో స్క్రూ ఉండదు, షిమ్ అనే బిళ్లనే మార్చాలి. పాత బిళ్ల 2.40, కొలిచిన ఖాళీ 0.10, కావలసింది 0.20 మిల్లీమీటర్లు అయితే కొత్త బిళ్ల 2.30 ఉండాలి. చాలా ఇంజిన్లలో ఇందుకు క్యామ్‌షాఫ్టులు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు క్యామ్ టైమింగ్ తప్పితే వాల్వులు పిస్టన్‌కు తగలవచ్చు కనుక ఇది దారి పక్కన చేసే పని కాదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు గేజే అక్కర్లేదు. చల్లని ఇంజిన్‌లో పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. 2000ల చివర్లో వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్) బుల్లెట్లలో ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు, వాటికి సెట్టింగ్ లేదు. స్టార్ట్ చేసిన తొలి క్షణాల చప్పుడు సహజం. వేడెక్కాక కూడా ఆగకపోతే ముందు ఆయిల్ చూడాలి.

బీఎండబ్ల్యూ బాక్సర్ దూరయాత్రికులకు నచ్చడానికి ఒక కారణం టాపెట్ల దగ్గరే ఉంది. సిలిండర్లు ఇరుపక్కలకూ పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ట్యాంకు దించకుండానే కవర్లు విప్పవచ్చు. వాల్వులను స్ప్రింగులతో కాక క్యామ్‌తోనే మూసే డెస్మో పద్ధతిని డుకాటీ ఇంజినీరు ఫాబియో తాల్యోనీ 1956లో ఆ సంస్థ రేసు బండికి తెచ్చాడు. అదే డుకాటీ 2020లో మల్టీస్ట్రాడా వీ4 ఇంజిన్‌కు స్ప్రింగులు పెట్టి, వాల్వు తనిఖీ గడువును 60,000 కిలోమీటర్లకు పెంచింది.

దారిలో

చాలా ఇంజిన్లలో క్యామ్, రాకర్లు పైన ఉంటాయి. ఆయిల్ తగ్గితే ముందు నష్టపోయేవాటిలో అవి ఉంటాయి, కనుక రోజూ ఆయిల్ మట్టం చూడాలి. దుమ్ము దారుల్లో ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయకపోతే సన్నని ఇసుక వాల్వు ముఖాన్నీ సీటునూ అరగదీస్తుంది. ఫీలర్ గేజ్, సరైన స్పానర్లు, టాపెట్ కవర్ గ్యాస్కెట్ సంచిలో ఉంచుకోవాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక ఐడ్లింగ్ పడిపోవడం, ఎత్తు ఎక్కలేకపోవడం, కిక్ కొడితే కంప్రెషన్ తక్కువగా తగలడం టైట్ టాపెట్ గుర్తులు కావచ్చు. అప్పుడు బండి ఆపి, చల్లారనిచ్చి కొలవాలి. ఖాళీ సరిచేశాక కంప్రెషన్ తిరిగొస్తే ప్రయాణం సాగించవచ్చు. రాకపోతే వాల్వు కాలిపోయి ఉండవచ్చు. హెడ్ విప్పక తప్పదు కనుక బండిని లారీలో ఎక్కించి దగ్గరి పట్నానికి చేర్చాలి.