డిపాజిట్టు ఐదు వేలే (మన పేటల చరిత్ర – 23)



పోయిన ఆదివారం రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రావులపాలెం చుట్టుపక్కల ఊరు. షామియానాలు, కుర్చీలు, సెంట్రింగ్ రేకులు అద్దెకిచ్చే చిన్న షాపు నడుపుతాడు. నాన్న పాలేరుతనం చేశాడు. అమ్మ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో ఆ షాపు పెట్టారు.

"అన్నయ్యా, ఈసారి ఎమ్మెల్యేకి నామినేషన్ వేద్దామనుకుంటున్నానండి. పక్కనున్న రిజర్వుడు సీటుకి వెళ్లి కాదు, మన సీటులోనే. జనరల్‌లోనే" అన్నాడు.

నా నోటికి మొదట వచ్చిన మాట: "ఎందుకురా తమ్ముడూ, షాపు చూసుకో."

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఏప్రిల్ 14 సభల్లో మైకు పట్టుకుని రాజ్యాధికారం, రాజ్యాధికారం అని అరిచిన నోరే కదా ఇది. మరి మనవాడు నిజంగా పోటీ చేస్తానంటే ఆ నోటికి "వద్దు" అన్న మాటే ముందు ఎందుకొచ్చింది? భయమా? అనుభవమా? ఈ వారం భాగం దాని గురించే.

ముందు ఒక దుకాణం కథ చెప్తాను. అది బాబాసాహెబ్ దుకాణం.

1917లో అంబేడ్కర్ లండన్ నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఉండటానికి ఇల్లు కూడా దొరకనివ్వలేదు. బొంబాయి తిరిగొచ్చి పూట గడవడానికి ట్యూషన్లు చెప్పారు. వాటాల వ్యాపారం చేసేవాళ్లకు సలహాలిచ్చే చిన్న సంస్థ ఒకటి పెట్టారు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. సలహాలు బాగానే ఉన్నాయి. ఖాతాదార్లూ వచ్చారు. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు.

మనం ఆయన్ని రాజ్యాంగ నిర్మాతగా చూస్తాం, ప్రొఫెసరుగా చూస్తాం. కులం వల్ల వ్యాపారం మూతపడిన చిన్న వ్యాపారిగా ఎప్పుడూ చూడం. మన పేట కుర్రాళ్లకు ఆ అంబేడ్కర్ కూడా తెలియాలి. సరుకు బాగోలేక మూతపడే దుకాణాలు వేరు, అమ్మేవాడి కులం తెలిసి మూతపడే దుకాణాలు వేరు.

గోదావరి జిల్లాల్లో మనవాళ్ల షాపులు ఏవేవో ఒకసారి లెక్కపెట్టండి. సెంట్రింగ్, వెల్డింగ్, షామియానా, టైర్ల పంక్చర్లు, జెరాక్సు, సెల్‌ఫోన్ రిపేరు. మరి టిఫిన్ హోటలు? పాలకేంద్రం? మిఠాయి కొట్టు? మన పేటలో మనకోసం ఉంటాయి గానీ మెయిన్ రోడ్డు మీద, అందరూ వచ్చి తినే చోట మనవాళ్ల పేరుతో ఎన్ని కనిపిస్తాయి? ఇనుపరేకుకు అంటు ఉండదు. ఇడ్లీకి ఉంటుంది. ఏ వ్యాపారం పెట్టాలో మనం ఎంచుకున్నామనుకుంటాం గానీ, సగం ఎంపిక ఊరే చేసి పెట్టింది.

ఇక ఓటు సంగతి.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉండేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీళ్లు పొలాల్లోకి వచ్చాయి, వరి వ్యాపారమైంది, భూమి ఉన్నవాడు మిల్లు పెట్టాడు. ఆ పొలం దున్నిన పాలేరుకు మాత్రం పట్టా లేదు, పన్ను రసీదు లేదు, బడి లేదు. అంటే ఓటు కూడా లేదు. కాటన్ దొర విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ నీళ్లు కొందరికి ఓటు కూడా తెచ్చిపెట్టాయి.

1932 సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, వాటి బదులు రిజర్వుడు సీట్లు వచ్చాయి. మద్రాసు రాష్ట్రానికి 30 సీట్లు. ముందు మన ఓటర్లు నలుగురిని ఎంచాలి, ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లు కలిసి ఎన్నుకోవాలి. ఎంచేది మనమే అయినా గెలిపించేది ఎవరు? లెక్క మీకు అర్థమయ్యే ఉంటుంది. 1937లో ఎన్నికలు ఈ పద్ధతిలోనే జరిగాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదటిసారి వయోజనులందరికీ ఓటు. పాలేరుకూ ఓటు, పాలేరు పెళ్లానికీ ఓటు. అప్పట్లో చాలా చోట్ల రెండు సీట్ల నియోజకవర్గాలు ఉండేవి. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకే మనిషికి వేయకూడదు.

ఆ ఎన్నికల్లో అంబేడ్కర్ బొంబాయిలో లోక్‌సభకు పోటీ చేసి కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు ఓడిపోయారు! అదే ఎన్నికల్లో ఆయన పార్టీ, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్, మన కోనసీమలో గెలిచింది. కందికుప్ప మనిషి బొజ్జా అప్పలస్వామి గారు అమలాపురం నుంచి ఏనుగు గుర్తు మీద మద్రాసు శాసనసభకు వెళ్లారు. ఆయన తండ్రి బొజ్జా గోవిందదాసు గారు మన జనంలో సంస్కరణ కోసం తిరిగిన మనిషి. ఆయన కొడుకే మన బొజ్జా తారకం గారు. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసిన తారకం గారు.

మిల్లులున్నవాళ్లు, వందల ఎకరాలున్నవాళ్లు ఎదురుగా ఉండగా ఫెడరేషన్ మనిషి ఎలా గెలిచాడు? అంబేడ్కర్ 1944లో మన జిల్లాలకు వచ్చి వెళ్లారు. అంతకుముందే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు వైద్యం చేసుకుంటూ, రాసుకుంటూ, "జయభేరి" పత్రిక నడిపారు. అంటే పోటీకి ముప్పై ఏళ్ల ముందు నుంచే పేటపేటలో మాట నడిచింది. ఎన్నికల నెలలో మొదలుపెట్టిన పని కాదది.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఇది మా తరానికి ఎవరూ చెప్పలేదు. నేనూ చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

1957. పార్వతీపురం లోక్‌సభ స్థానం. రెండు సీట్లు, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వుడు. జనరల్ సీటుకు పోటీపడినవాళ్లలో వి.వి. గిరి ఉన్నారు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన మనిషి, తర్వాత రాష్ట్రపతి అయిన మనిషి. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లో ఇద్దరూ గిరిజనులే. బి. సత్యనారాయణ దొర, డిప్పల సూరి దొర. ఒకరికి రిజర్వుడు సీటు ఇచ్చారు. రెండోవారికి ఎక్కువ ఓట్లు వచ్చాయి కాబట్టి జనరల్ సీటు ఇచ్చారు. గిరి గారు కోర్టుకెళ్లారు. రిజర్వేషన్ కింద నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని వాదన. 1959లో సుప్రీంకోర్టు సూరి దొర ఎన్నిక సరైనదేనని తీర్పు చెప్పింది. రిజర్వేషన్ అనేది కనీస హామీ, అంతకుమించి గెలవకూడదని ఎక్కడా లేదు.

1961లో పార్లమెంటు రెండు సీట్ల నియోజకవర్గాలనే రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోయాయి, ఖర్చు ఎక్కువవుతోంది అన్నారు. ఆ కారణాల్లో కొంత నిజం ఉంది. కానీ వరస చూడండి. 1957లో ఇద్దరు గిరిజనులు గెలిచారు, 1959లో కోర్టు సరేనంది, 1961లో ఆ పద్ధతే లేకుండా పోయింది. ఆ తర్వాత మనకు కొన్ని సీట్లు విడిగా గీసి ఇచ్చారు. మిగతావన్నీ జనరల్. జనరల్ అంటే చట్టంలో "అందరిదీ" అని అర్థం. ఊళ్లో అర్థం వేరు.

ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో మొత్తం 34 అసెంబ్లీ సీట్లు. ఎస్సీలకు ఆరు: అమలాపురం, రాజోలు, పి. గన్నవరం, కొవ్వూరు, గోపాలపురం, చింతలపూడి. ఎస్టీలకు రెండు: రంపచోడవరం, పోలవరం. మిగిలిన 26 జనరల్. ఆ 26 సీట్లలో పెద్ద పార్టీలు ఎన్నిసార్లు మనవాళ్లకు టిక్కెట్టు ఇచ్చాయో మీ నియోజకవర్గం పెద్దల్ని అడగండి. వేళ్లు కూడా అక్కర్లేదు లెక్కపెట్టడానికి.

ఏనుగు గుర్తు మళ్లీ వచ్చింది. 1994లో కాన్షీరాం గారి బీఎస్పీ రాష్ట్రమంతా పెద్ద ఎత్తున పోటీ చేసింది. ఒక్కరూ గెలవలేదు. ఆ ఓటమి మా పేటల్లో ఒక తరాన్ని కూర్చోబెట్టేసింది. నా నోట్లోంచి వచ్చిన "వద్దు" అక్కడిదే అనుకుంటాను.

ఇక చట్టం ఏమంటుందో సూటిగా చెప్తాను. విద్యార్థులు రాసిపెట్టుకోండి.

పాతికేళ్లు నిండాలి. రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరుగా ఉండాలి. 1952లో అసెంబ్లీకి డిపాజిట్టు 250 రూపాయలు, మనకు 125. ఇప్పుడు 10,000, మనకు 5,000. జనరల్ సీటులో పోటీ చేసినా కుల ధ్రువపత్రం చూపిస్తే ఐదు వేలే. చెల్లిన ఓట్లలో ఆరోవంతు కంటే ఎక్కువ వస్తే తిరిగిస్తారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి అదే నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకం చేయాలి. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా అప్పజెప్పకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు. మనవాళ్లు చాలామంది ఓడిపోయాం కదా అని ఈ లెక్కలు వదిలేస్తారు. వదలకూడదు.

వ్యాపారం చేసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. రాష్ట్ర ప్రభుత్వంతో సరుకు సరఫరాకో, పనులకో నడుస్తున్న కాంట్రాక్టు మీ పేరున ఉంటే అసెంబ్లీకి పోటీ చేయడానికి అనర్హులు. సిమెంటు రోడ్డు పనిలో చిన్న ముక్క చేస్తున్నా ముందు వకీలును అడగాలి. పెద్ద కాంట్రాక్టర్లు ఎలా పోటీ చేస్తున్నారంటారా? కంపెనీ పేర్లు, బంధువుల పేర్లు చూడండి, తెలుస్తుంది.

మన డెల్టాలో మరో చిక్కు. పేటలో సగం ఇళ్లకు చర్చి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీలు కారు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ–సీ. ఆ ధ్రువపత్రం ఉన్నవాళ్లకు రిజర్వుడు సీటూ లేదు, సగం డిపాజిట్టూ లేదు. అదే గుడిసె, అదే అంటరానితనం, పన్నెండో నెలలో నక్షత్రం కట్టినందుకు కాగితం మారిపోయింది.

ఇదంతా కలిపినా కాగితాల ఖర్చు పదివేలు దాటదు. అసలు ఖర్చు వేరే ఉంది. అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. నలభై లక్షలంటే మా తమ్ముడి షాపు, ఇల్లు, అమ్మ గాజులు అన్నీ కలిపి అమ్మినా రాదు.

దానికంటే పెద్ద ఖర్చు ఇంకోటి. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయంలో మనవాళ్లను ఊరు వెలివేసింది. పనుల్లేవు, కౌలు పొలాల్లేవు. కూలికే అలా జరిగితే షామియానా అద్దెకిచ్చేవాడి గతేమిటి? పెళ్లిళ్లు చేసేవాళ్లు కబురు చేయడం మానేస్తే చాలు, ఏ కేసూ పెట్టలేం. మరి పదవి ఉంటే రక్షణ ఉంటుందా? 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లే తగలబెట్టారు. ఆయన అప్పటికి మంత్రి!

ఇన్ని రాసి చివరికి "వద్దు" అంటానేమో అనుకుంటున్నారా? బుధవారం నేనే ఆ తమ్ముడికి ఫోన్ చేశాను.

"వెయ్యి నామినేషను. కానీ ఈసారి కాదు, దానికి ముందు మీ ఊళ్లో ఎంపీటీసీకి వెయ్యి" అన్నాను.

"అదీ జనరలే కదండీ."

"అందుకే వెయ్యమంటున్నా."

షాపు ఖాతా పుస్తకం తీసుకుని రమ్మన్నాను. అద్దెకు తీసుకెళ్లేవాళ్లలో ఎంతమంది మన పేట, ఎంతమంది బీసీలు, ఎంతమంది పెద్దకులాలో లెక్క తీద్దామన్నాను. షాపు ఎవరి మీద ఆధారపడిందో తెలియకుండా ఎన్నికలో దిగకూడదు. మత్స్యకారుల్లో, శెట్టిబలిజల్లో, చాకలి మంగలి ఇళ్లలో అతని కుర్చీలు వెళ్లిన పెళ్లిళ్లు ఎన్ని ఉన్నాయో అంతవరకే అతనికి ఇప్పుడు మాట ఉంది. మిగతాది నడిచి సంపాదించాలి. అప్పలస్వామి గారి గెలుపు వెనక ముప్పై ఏళ్ల నడక ఉందని చెప్పాను.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మని అడిగానండి. షాపు తనదే కదా. పోతే మళ్లీ కువైట్ వెళ్తానంది" అన్నాడు.

ఆవిడకు యాభై ఏడేళ్లు. ఆవిడ మళ్లీ విమానం ఎక్కే అవసరం రాకుండా ఈ పోటీ ఎలా చేయాలన్నదే ఇప్పుడు మా ముందున్న పని. మీలో జనరల్ వార్డులో, జనరల్ సర్పంచి స్థానంలో పోటీ చేసినవాళ్లు ఉంటే, గెలిచినా ఓడినా, ఎంత ఖర్చయింది, ఆ తర్వాత వ్యాపారం ఏమైంది, ఎవరు నిలబడ్డారు, ఎవరు జారిపోయారు రాయండి. పేర్లు బయటపెట్టను. మీ లెక్కలతోనే వచ్చే వారం భాగం రాస్తాను.

జై భీమ్.