తిండి చిట్టా: ఆకలి లెక్క నుంచి బరువు లెక్క వరకు

మెట్టుగూడలో మెట్రో ఎక్కి నాగోలు వైపు వెళితే తర్వాతి స్టేషన్ తార్నాక. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గరలో, జామై ఉస్మానియాలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బరువు తగ్గాలనుకునే వారికి డాక్టర్లు "రోజూ ఏం తింటున్నారో రాయండి" అని చెప్పడం మీరు వినే ఉంటారు. అలా రాసిన అన్నంలో, పప్పులో ఎంత శక్తి ఉందో చెప్పే మన దేశపు పట్టికలు ఆ సంస్థవే. అయితే అవి లావు తగ్గించడం కోసం పుట్టినవి కావు. తిండిని లెక్క రాసే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వ్యాసంలో చూద్దాం. చరిత్ర విద్యార్థులకు ఇందులో ఇంకో ప్రయోజనం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందుగా 1877కు వెళదాం. ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు మద్రాసు రాజధానిని, అందులో మన కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలను పీడిస్తున్న రోజులవి. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆ గింజల నుంచి వచ్చే శక్తి ఇప్పటి లెక్కలో 1,600 కిలోకాలరీలకు అటూఇటూగా ఉంటుంది. రోజంతా గడ్డపారతో పనిచేసే శరీరానికి అది ఏ మూలకు? మద్రాసు ప్రభుత్వ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ తిండితో మనుషులు పని చేయలేరు సరికదా, బతకలేరని వాదించాడు. కొన్ని నెలలకు కొలత కొంత పెరిగింది. ఆలోపు పోయినవారు పోయారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. తిండిని తూచినవారు ఇద్దరూ, కానీ ఒకరు ఖజానా కోసం తూచారు, రెండోవారు మనిషి కోసం తూచారు.

తర్వాతి మజిలీ 1918. ఆ ఏడాది నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టాడు. అదే ఏడాది అమెరికాలో లులు హంట్ పీటర్స్ అనే వైద్యురాలు ఒక పుస్తకం ప్రచురించింది. రొట్టె ముక్కను ముక్కగా కాక కాలరీలుగా చూడటం నేర్చుకోండని ఆమె పాఠకులకు చెప్పింది. బరువు తగ్గడం కోసం సామాన్యులు కాలరీలు లెక్కపెట్టడం ఆ పుస్తకంతోనే బాగా వ్యాపించింది. ఒకే సంవత్సరంలో అక్కడ ఎక్కువ తిన్నవారి లెక్క, ఇక్కడ తక్కువ తిన్నవారి లెక్క మొదలయ్యాయి. ఇది యాదృచ్ఛికమే, కానీ గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది.

కూనూరు ప్రయోగశాలకు తర్వాత డైరెక్టరుగా వచ్చిన ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను ఒక చిన్న పుస్తకంగా వెలువరించాడు. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. సి. గోపాలన్ నాయకత్వంలో 1971లో వచ్చిన పట్టికల గ్రంథాన్ని రెండు తరాల విద్యార్థులు వాడారు. 2017 నాటి కొత్త పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి. మా ఆలుగడ్డ బావి స్టాపుకు పేరిచ్చిన ఆలుగడ్డ కూడా అందులో ఉందనుకోండి!

పట్టిక ఉంటే సరిపోదు, ఎవరెంత తిన్నారో తెలియాలి. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం పరిశోధకులు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి గత 24 గంటల్లో ఏం వండారో, ఎవరెంత తిన్నారో అడిగేవారు. "కొంచెం", "కడుపునిండా" వంటి జవాబులతో లెక్క తేలదు కాబట్టి కొలత కప్పులు వెంట తీసుకెళ్ళేవారు. అరకిలో బియ్యం వండితే పది కప్పుల అన్నమైందనుకోండి. మీరు మూడు కప్పులు తింటే 150 గ్రాముల బియ్యం తిన్నట్టు. అంటే సుమారు 520 కిలోకాలరీలు. ఇందులో మీకు రానిదేమీ లేదు. సోలెడు, గిద్దెడు అని కొలిచిన వంటిళ్ళే మనవి. మీ ఇంట్లో ఒక గిన్నెను కొలతగా పెట్టుకుంటే సర్వే పద్ధతి మీ చేతిలో ఉన్నట్టే.

ఆకలిని లెక్కించడానికి చేసిన ఈ పనిముట్టు ఇప్పుడు రెండో వైపుకు తిరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సుమారు పదిమంది స్త్రీలలో ముగ్గురు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. పురుషుల సంగతీ అంతే. 2008లో అమెరికాలో దాదాపు 1,700 మందిపై వచ్చిన ఒక అధ్యయనంలో, రోజూ తిండి రాసుకున్నవారు అసలు రాయనివారికంటే రెట్టింపు బరువు తగ్గారు. రాసినందువల్లే తగ్గారా, పట్టుదల ఉన్నవారే రాశారా అన్న ప్రశ్న ఉండనే ఉంది. నా మటుకు నేను రెండూ కొంత నిజమేనంటాను.

ఇక చరిత్ర విద్యార్థులకు చెబుతానన్న మాట. మీ తిండి పుస్తకం ఒక ఆధారం. ఏ ఆధారాన్నైనా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏం వదిలేశారు అని అడుగుతాం కదా? 1992లో న్యూయార్క్ పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న పదిమందిని పరీక్షించారు. వారు రాసింది అసలు తిన్నదానిలో సగానికి కాస్త మించి ఉందంతే. వారు అబద్ధాలకోరులని అనుకోవద్దు. మనసు తనకు నచ్చినట్టు మరిచిపోతుంది. మన దగ్గర మరుపుకు గురయ్యేవి అన్నం, కూర కావు. నాలుగు కప్పుల చాయ్‌లోని ఎనిమిది చెంచాల చక్కెర అంటే 160 కిలోకాలరీలు. వాటితోపాటు ఉస్మానియా బిస్కెట్లు, తాలింపులో పోసిన నూనె, పిల్లలు కంచంలో మిగిల్చితే పారేయలేక తిన్న ముద్ద.

కిరాణా దుకాణదారు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెడతాడు. చిట్టా అప్పటికప్పుడు రాసేది, ఆవర్జా తీరికగా ఎత్తిరాసేది. మీరూ తిన్న వెంటనే చిట్టా రాయండి, వారానికోసారి కాలరీలు కట్టండి. చాయ్, నూనె చిట్టాలోకి ముందు ఎక్కాలి. "ఈరోజు తప్పు చేశాను" వంటి తీర్పులు రాయకండి. తీర్పు భయం ఉన్నచోట సాక్షి నోరు విప్పడు. గర్భిణులు, మధుమేహానికి మందు వాడేవారు తిండి తగ్గించే ముందు డాక్టరును అడగాలి. 1,600 కిలోకాలరీల దగ్గర టెంపుల్ కూలీలు ఏమయ్యారో చదివారు కాబట్టి, చెమటోడ్చే పని చేసేవారు ఎవరో చెప్పిన చిన్న అంకెను పట్టుకుని తమ కడుపు మాడ్చుకోవద్దు.

పెళ్ళిళ్ళు, పండుగలు, ప్రయాణాల్లో చిట్టా ఆగిపోతుంది. ఆ రోజుల్ని తర్వాత ఊహతో నింపకండి. తేదీ వేసి, ఎందుకు రాయలేదో ఒక మాట రాసి వదిలేయండి. రెండు మూడు నెలల తర్వాత పుస్తకం తిరగేస్తే, ఆ ఖాళీలు ఏయే వారాల్లో గుంపుగా ఉన్నాయో, ఆ వారాల్లో బరువు ఎటు కదిలిందో మీకే కనిపిస్తుంది.