ఫొటోలో పడని నొప్పి

శివరాత్రి వచ్చిందంటే మా పాలకుర్తిలో సోమేశ్వరస్వామి గుట్ట చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. ఓ ఏడు జాతరకని ఆటోలో వస్తోంది మా చిన్నాయన కోడలు, నాకు వదిన. జనగామ రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వస్తే ఆటో ఆగింది. వెనక జీపు ఆగలేదు. ఎవరికీ చిన్న గీరుడైనా లేదు. స్వామి దయ అనుకుని అందరూ ఇంటికొచ్చారు.

మర్నాడు పొద్దున వదిన మెడ తిప్పలేకపోయింది.

"మెడ గింత సుత తిరుగుతలేదత్తమ్మా" అంటే మా చిన్నమ్మ వెంటనే దిండు తీసుకెళ్ళి ఎండలో వేసింది. నవ్వకండి, మెడ పట్టేస్తే దిండు ఎండబెట్టడం మన ఇళ్ళలో తాతలనాటి వైద్యం. మూడోనాడు ఎక్స్‌రే తీయించారు. ఎముకలన్నీ లక్షణంగా ఉన్నాయి. అంతే, ఇంట్లో ముఖాలు మారాయి. "ఫొటోల ఏం లేదన్నరు గద, ఇంకేం నొప్పి?" అన్నాడు అన్నయ్య. అంట్లు తోమడానికి వంగలేని మనిషి పనిదొంగ అయిపోయింది.

ఈ అనుమానం వయసు నూటయాభై ఏళ్ళ పైమాటే. ఇంగ్లండులో రైళ్ళు వచ్చిన తొలిరోజుల్లో, బండ్లు ఢీకొన్నప్పుడు పైకి గాయమేదీ లేకుండా దిగినవాళ్ళు కొందరు తర్వాత నొప్పులతో, నిద్రలేమితో మంచం పట్టేవారు. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్ వీళ్ళ గురించి పుస్తకం రాశాడు. ఆ కుదుపుకి వెన్నుపాము దెబ్బతింటుందన్నాడు. ఆ జబ్బుకి 'రైల్వే వెన్ను' అనే పేరు స్థిరపడింది. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే ఇంకో సర్జన్, చాలామటుకు ఇది భయంవల్ల వచ్చిందేనని వాదించాడు. అన్నట్టు, ఆయన ఓ రైలు కంపెనీ సర్జను! కోర్టుల్లో నష్టపరిహారం తగాదాలు, మధ్యలో నలిగింది రోగి.

తర్వాత కార్లొచ్చాయి. 1928లో అమెరికా ఎముకల డాక్టరు హెరాల్డ్ క్రో ఈ మెడ దెబ్బ గురించి చెబుతూ 'విప్‌లాష్' అన్నాడు. అంటే చెర్నాకోల విసురు. పోతన్న అరక దున్నాడని చెప్పుకునే బమ్మెర మా పక్క ఊరే, చెర్నాకోల సంగతి నాకొకరు చెప్పాలా? పిడి ఇటు కదిలితే కొస అటు వెనకపడి, ఆ తర్వాత ఛెళ్ళున వస్తుంది. మెడ కదిలిన తీరు చెప్పడానికి తను వాడిన మాట చివరికి జబ్బు పేరైపోయిందని 1964లో ఆయనే నొచ్చుకున్నాడు.

ఇంతకీ జరిగేదేమిటంటే, వెనకనుంచి గుద్దినప్పుడు సీటు ఒంటిని ముందుకి తోస్తుంది. తల ఉన్నచోటే ఉండిపోతుంది. మధ్యలో మెడ పాములా మెలికపడుతుంది. ఇదంతా రెప్పపాటులో. కండరాలు, కీళ్ళని పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు సాగిపోతాయి. ఎక్స్‌రేలో ఎముక పడుతుంది గానీ సాగిన కండ పడదు. నొప్పి మర్నాటికి గానీ తెలియకపోవడమూ మామూలే.

వైద్యం కూడా తిరగబడింది. ఒకప్పుడు మెడకి పట్టీ కట్టి వారాల తరబడి కదలొద్దనేవారు. 1995లో కెనడాలోని క్విబెక్ నిపుణుల సంఘం పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, ఎముక విరగనప్పుడు ఎక్కువ రోజుల పట్టీ వల్ల కోలుకోవడం ఆలస్యమవుతుందని, ఓర్చుకోగలిగినంతలో మెడని మెల్లిగా కదుపుతూ ఉండాలని చెప్పింది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. కొందరిని మాత్రం ఏళ్ళ తరబడి వదలదు.

ఒక్క జాగ్రత్త. చేతులో కాళ్ళో తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మెడ ఎముక మీద విపరీతంగా నొప్పి ఉన్నా, మెడ విరిపించడాలు, రుద్దించడాలు వద్దేవద్దు. మనిషిని కదపకుండా 108కి ఫోన్ చేయండి. కార్లో సీటు పైనుండే తలదిండు కునుకు తీయడానికి పెట్టింది కాదు. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్లకి దాన్ని తప్పనిసరి చేశారు. దాని పైఅంచు మన నడినెత్తికి సమంగా, తలకి దగ్గరగా ఉండాలి. ఆటోలో ఆ భాగ్యం లేదు.

చివరికి వరంగల్‌లో ఓ డాక్టరు వదిన మెడ నెమ్మదిగా తడిమి చూసి, "నొప్పి నిజమేనమ్మా, తగ్గుతుంది" అన్నాడు. వదిన అక్కడే కుర్చీలో కూచుని ఏడ్చింది. ఆ సాయంత్రం నీళ్ళ బిందెలు అన్నయ్యే మోశాడు.

నేర్పిన కసరత్తు రోజూ చేస్తే రెండు నెలలకి మెడ తిరిగింది. మా చిన్నమ్మ మాత్రం అది దిండు మహిమేనంటుంది. అననివ్వండి, ఆ ఇంట్లో మొట్టమొదట వదిన నొప్పిని నమ్మిన మనిషి ఆవిడే కదా!